జానమ్మ ఉన్న నంబరు

గోపీకృష్ణ మండల పరిషత్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. తెలంగాణ రాకముందు చేరాడు, వచ్చిన తర్వాత కూడా అదే కుర్చీలో ఉన్నాడు. మధ్యలో జిల్లా మారింది. మహబూబ్‌నగర్ పోయి నారాయణపేట అయింది. ఆఫీసు బోర్డు మారింది, పెద్దసార్లు వచ్చారు, పోయారు, కుర్చీకి ఒక చక్రం ఊడిపోయింది. అతని ఉద్యోగం మాత్రం చేరిననాడు ఎట్లా కాంట్రాక్టో ఇప్పటికీ అట్లాగే కాంట్రాక్టు. నేడో రేపో పర్మనెంట్ అవుతుందన్న మాట మీదే పెళ్ళి జరిగింది, కూతురు పుట్టింది, ఆ కూతురు పదో తరగతికి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు.

పొద్దున మక్తల్‌లో బస్సెక్కి ఆఫీసులో దిగుతాడు. సాయంత్రం ఆఫీసు ముందు బస్సెక్కి మక్తల్‌లో దిగుతాడు. మధ్యలో ఏ సర్వే వస్తే ఆ సర్వే ఎక్కిస్తాడు. ఇళ్ళ సర్వే, మొక్కల సర్వే, మరుగుదొడ్ల సర్వే, పోయినసారి ఎక్కించిన సర్వేలో తప్పులెన్నో తేల్చే సర్వే. మెడ పట్టేస్తుంది. కళ్ళు మండుతాయి. "కళ్ళకు అద్దాలు తెచ్చుకో" అని భార్య కరుణ అనని వారం లేదు. తెచ్చుకుంటాననే అంటాడు.

ఒక వేసవిలో, ఎండకు ఆఫీసులో మనుషులు పలచబడిన మధ్యాహ్నం పూట, ఆఫీసు మెయిల్‌కు ఒక ఉత్తరం వచ్చింది. మామూలుగా వచ్చేవన్నీ పైనుంచి వచ్చే ఆదేశాలే. ఇది వేరుగా ఉంది. పంపినవాళ్ళ పేరు ఉండవలసిన చోట మనిషి పేరు లేదు, ఊరి పేరు లేదు, ఏదో యంత్రం తనకు తానే పెట్టుకున్నట్టున్న పిచ్చి అక్షరాలు. తెరిస్తే లోపలంతా ప్రశ్నార్థకాలు. వరుస తర్వాత వరుస, ప్రశ్నార్థకాలే. ఎవరో తమ భాషలో రాసింది దారిలో ఎక్కడో విరిగిపోయి ఇట్లా చేరిందని అతనికి అర్థమైంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఒక్క మాట మాత్రం చెడకుండా మిగిలింది: మక్తల్.

కింద ఒక ఫోటో ఉంది. ఇనుప మంచం మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నున్నగా గొరిగిన తల. ఎవరిదో వదులు నైటీ. చూపు కెమెరా మీద లేదు.

గోపీకృష్ణ జవాబు రాశాడు. రాసిన నిమిషానికే అది తిరిగొచ్చింది, అటువంటి చిరునామా లేదని. ఆ ఫోటోను పెద్దసారుకు చూపించాడు. ఆయన ఫోన్‌లో మాట్లాడుతూనే చూశాడు.

"ఎవరో తప్పిపోయినట్టున్నరు. గ్రూపుల పెట్టు. ఒక ప్రింట్ తీసి తలుపు కాడ అంటిపెట్టు" అన్నాడు.

పంచాయతీ కార్యదర్శుల గ్రూపులో పెట్టాడు. ఇద్దరు దండం బొమ్మ పెట్టారు. ఒకరు శుభ మధ్యాహ్నం అన్నారు. ప్రింట్ తీసి తలుపు పక్కన, ఉపాధి హామీ నోటీసు కింద అంటించాడు. తన పని అయిపోయిందనుకున్నాడు.

కొన్నాళ్ళకు నర్సింగమ్మ వచ్చింది.

నర్సింగమ్మది ఎర్రగుంటపల్లి. మొగుడు పోయాక వచ్చే పింఛను ఆగిపోయిందని అడగడానికి ఆమె అప్పుడప్పుడు ఆఫీసుకు వస్తుంటుంది. వేలిముద్ర పడదు. కూలిపనికి వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. గోపీకృష్ణకు ఆమె రావడమంటేనే నీరసం. తను చేయగలిగింది ఏమీ లేదని చెప్పాలి, ఆమె నమ్మకపోవడం చూడాలి.

ఆ రోజు ఆమె లోపలికి రాలేదు. తలుపు దగ్గరే నిలబడిపోయింది. చాలాసేపటికి గోపీకృష్ణ తలెత్తి చూస్తే, గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలుచుని ఫోటోను చూస్తోంది.

"ఏందమ్మా, లోపటికి రారాదూ?"

"సారూ, గీమె మా అక్క."

"ఎవరు?"

"మా అక్క జానమ్మ. పూనా పోయి తిరిగొస్తుంటే రైలు కాడ తప్పిపోయింది. మస్తు ఏండ్లాయె."

గోపీకృష్ణ లేచి దగ్గరికి వెళ్ళాడు. గుండు తల, ఉబ్బిన ముఖం. "ముఖమే సక్కగ కనవడ్తలేదు. ఎట్ల గుర్తువడితివి?" అన్నాడు.

"ముఖం కాదు సారూ, కూసున్న తీరు సూడు. పాదం మీద పాదం ఏసి, బొటనేలు ఇంకో కాలి కింద దాసుకుంటది. చిన్నప్పటి సంది గంతే. మా అవ్వ ఎన్నిసార్ల కొట్టిందో, గట్ల కూసుంటే ఇంట్ల శని అని." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడవలేదు. "ఎక్కడున్నది సారూ?"

అదే కదా తెలియనిది. మెయిల్ సంగతి ఆమెకు చెప్పాడు. పంపినవాళ్ళ పేరు లేదు, ఊరు లేదు, ఫోన్ నంబరు లేదు. నర్సింగమ్మ అంతా విన్నది. విని, "గా డబ్బాలకు వచ్చింది గదా సారూ. ఎట్ల వచ్చిందో గా తొవ్వ పట్టుకుని పోతే దొరకదా?" అంది.

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. వచ్చిన ప్రతి మెయిల్‌కూ అది నడిచొచ్చిన దారి వెనకాల రాసి ఉంటుందని గోపీకృష్ణకు తెలుసు. అంతకుముందు ఏడాది ఆఫీసుకు ఒక దొంగ మెయిల్ వస్తే, పోలీసులు ఎక్కడ నొక్కాలో చెప్పి ఆ దారి తీయించుకున్నారు. మళ్ళీ అక్కడే నొక్కాడు. తెర నిండా కుక్కి రాసిన అక్షరాలు వచ్చాయి. వాటి మధ్యలో, ఈ మెయిల్ మొదట బయల్దేరిన యంత్రం నంబరు కనబడింది. చుక్కలతో విడదీసిన నాలుగు ముక్కల నంబరు. పేరు లేదు. ఎక్కడో ఒక ఇంటికి తలుపు నంబరు ఉంది గాని ఇల్లెవరిదో రాసిలేదు, అట్లా ఉంది.

నంబరు ఇస్తే పేరు చెప్పే సైట్లుంటాయని వినే ఉన్నాడు. సాయంత్రం బస్సు వేళయింది. కళ్ళు మండుతున్నాయి. కాగితం ముక్క మీద నంబరు రాసుకుని, అట్లాంటి ఒక సైట్ తెరిచి, నంబరు కొట్టాడు. పేరు వచ్చింది. గుజరాత్‌లో బాత్రూం టైల్స్ చేసే కంపెనీ. వాళ్ళ సైట్‌లో ఫోన్ నంబరు ఉంది. చేశాడు. ఎత్తినవాడు మొదట టైల్స్ ఆర్డర్ అనుకుని మంచిగా మాట్లాడాడు. గుండు గీయించుకున్న ఒక ముసలామె మీ దగ్గర ఉందా అని గోపీకృష్ణ తన పాలమూరు హిందీలో అడగ్గానే గొంతు మార్చి, ఇంకోసారి ఫోన్ చేస్తే పోలీసులకు పట్టిస్తానని పెట్టేశాడు.

బస్సులో కూర్చుని, అయిపోయిందిలే అనుకున్నాడు. మర్నాడు వచ్చిన నర్సింగమ్మతో, "అది దొంగ మెయిల్ ఉన్నట్టున్నదమ్మా. ఏదో కంపెనీ నంబరు. మీ అక్క కాకపోవచ్చు" అన్నాడు.

ఆమె తలూపి బయటికి నడిచింది. ఇంటికి పోలేదు. ఆఫీసు బయట, సైకిళ్ళు పెట్టే రేకుల షెడ్డు కింద కూర్చుంది. సాయంత్రం అతను బయటికి వచ్చినప్పుడు కూడా అక్కడే ఉంది. తర్వాతి రోజు వచ్చింది, మళ్ళీ అక్కడే కూర్చుంది. ఏమీ అడగదు. అతను కనబడితే లేచి నిలబడుతుంది, అతను పోతే కూర్చుంటుంది. పోట్లాడినా బాగుండేది అనిపించింది గోపీకృష్ణకు.

ఇంట్లో ఆ సంగతి చెప్తే కరుణ అన్నం వడ్డిస్తూ ఆగింది. "నువ్వు నంబరు సక్కగనే కొట్టినవా? నిన్న పిల్ల హాల్ టికెట్ నంబరు కూడ తప్పు కొడితివి" అంది.

అతనికి కోపమొచ్చింది. కోపం తగ్గాక భయమేసింది.

మక్తల్‌లో వీధివీధికీ ఇంటర్నెట్ వైర్లు లాగినవాడు సురేశ్. బస్టాండ్ వెనకాల అతనికి చిన్న గది ఉంది. ఎప్పుడూ ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎవరింట్లోనో నెట్ రావడం లేదు. గోపీకృష్ణ పోయేసరికి నేల మీద కూర్చుని చిక్కుబడిన వైర్ విప్పుకుంటున్నాడు.

"సురేశ్ తమ్మీ, ఒక నంబరు ఉన్నది. అది ఎవరిదో పేరు తీయాలె."

"ఫోన్ నంబరా అన్నా?"

"కాదు, ఇది." కాగితం కాదు, ఈసారి మెయిల్ అసలు పేజీనే ప్రింట్ తీసుకొచ్చాడు. జేబులోని కాగితం ముక్క కూడా పక్కన పెట్టాడు.

సురేశ్ రెండూ చూశాడు. "గీ రెండు నంబర్లు ఒకటి కాదు గదనే. ఇక్కడ ఎనిమిది, నువ్వు మూడు రాసుకున్నవు."

గోపీకృష్ణ ప్రింట్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఎనిమిదే. రెండు రోజులుగా ఒక మనిషి రేకుల షెడ్డు కింద కూర్చుంది, తను మూడనుకున్న ఎనిమిది వల్ల. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

సురేశ్ కంప్యూటర్‌లో నల్ల తెర తెరిచి నంబరు కొట్టాడు. "చూడన్నా, మనం రోజు చేసే పనికి ఇది ఉల్టా. మనం పేరు కొడ్తం, లోపట అది నంబరు వెతుక్కుంటది. నంబరు నుంచి పేరుకు పోవాల్నంటే, గా నంబరు ఓనరు దానికి పేరు రాసిపెట్టుకోవాలె. రాసిపెట్టకుంటే లేదు."

"రాసిపెట్టిండ్రా?"

"రాసిండ్రు గానీ..." సురేశ్ తెర తిప్పి చూపించాడు. నంబరునే అడ్డదిడ్డంగా రాసి, చివర ఒక కంపెనీ పేరు. "ఇది సైట్లకు జాగా కిరాయికిచ్చేటోళ్ళ పేరు. ఇల్లు వీళ్ళది, ఉండేటోళ్ళు వేరే. ఒక్క నంబరు మీద ఎంతమందినన్న పెడ్తరు."

"మరి ఉండేటోళ్ళ పేర్లు?"

"అదీ చూద్దాం. గా నంబరు మీద ఇంతవరకు ఏమేం పేర్లు కనవడ్డయో జమజేసి పెట్టేటోళ్ళుంటరు. అన్నీ దొరుకుతయని ఏంలేదు. పాతయి ఉండొచ్చు, ఖాళీ చేసి పోయినయి ఉండొచ్చు."

ఇంకో సైట్‌లో అదే నంబరు పెట్టాడు. ఈసారి పేర్లు కిందకి కిందకి దిగాయి. గోపీకృష్ణ స్టూలు ముందుకు జరుపుకున్నాడు. డ్రైవింగ్ స్కూల్. చీరల దుకాణం. పెళ్ళిళ్ళ ఫోటోలు తీసేవాడు. ద్రాక్షతోటలకు మందులమ్మేవాడు. పళ్ళ డాక్టరు. ఒక్కోటి తెరవడం, చూడడం, మూసేయడం. కొన్ని తెరుచుకోలేదు. మధ్యలో సురేశ్‌కు ఫోన్ వచ్చి, ఎవరిదో టీవీలో సీరియల్ ఆగిపోయిందని తిట్లు తిని వచ్చాడు. దాదాపు అన్నీ మహారాష్ట్రవే. పూనా అన్న మాట నర్సింగమ్మ నోట విన్నాడు కాబట్టి గోపీకృష్ణ మూసేయమనలేదు.

"ఓసరి అట. ఇదేందో?" అని సురేశ్ నొక్కాడు.

పేజీ నెమ్మదిగా తెరుచుకుంది. మరాఠీ అక్షరాలు. వెనుక చెరుకు తోట, ముందు రేకుల కప్పుతో పొడవాటి ఇల్లు. దాని అరుగు మీద ఆడవాళ్ళు వరుసగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. అందరి తలలూ గొరిగి ఉన్నాయి. అందరివీ వదులు నైటీలే.

"ఇగో ఫోన్ నంబరు. మరాఠీ అంకెలల్ల రాసిండ్రు" అన్నాడు సురేశ్ మెల్లగా. "అందుకే నీ మెయిల్‌ల అవి కూడ ఖరాబైనయి."

ఫోన్ ఎత్తిన ఆవిడకు హిందీ బాగానే వచ్చు. మక్తల్ అనగానే ఆమె అరిచినంత పని చేసింది. దారి తప్పి, మతి చెదిరి స్టేషన్లలో తిరిగే ఆడవాళ్ళను తెచ్చి చూసుకునే చోటట అది. ఓసరి అంటే వసారా. ఫోటోలోని ఆమెను పూనా దారిలోని దౌండ్ స్టేషన్ బయట చూసి తెచ్చారు. తెచ్చిననాడు ఒంటి నిండా పుండ్లు. చాలా ఏళ్ళు నోరు తెరవలేదు. మందులు పడ్డాక ఈ మధ్యే ఒక మాట అంటోంది, పొద్దున లేచి మక్తల్, అన్నం పెడితే మక్తల్. మొగుడి పేరేమో అనుకున్నారు. కొత్తగా చేరిన పిల్ల ఒకతి అది ఊరేమోనని వెతికి, ఆ చుట్టుపక్కల ఏ ఆఫీసు చిరునామా దొరికితే దానికి తమ సైట్ నుంచే ఉత్తరాలు పంపింది. "ఒక్కరు కూడ జవాబు రాయలేదు భయ్యా. ఆమెకు ఎవరూ లేరనుకున్నాం" అందావిడ.

మర్నాడు రేకుల షెడ్డు దగ్గరికి గోపీకృష్ణే వెళ్ళాడు. నర్సింగమ్మ లేచి నిలబడింది. చెప్పాడు. తను నంబరు తప్పు రాసుకున్నది కూడా చెప్పాడు. ఆమె ఆ మాట విన్నట్టే లేదు. "తిన్నదా అడిగినవా సారూ? బువ్వ తింటాందా?" అంది. అది అడగలేదని గోపీకృష్ణకు అప్పుడు గుర్తొచ్చింది.

జానమ్మను పంపించాలంటే రక్తసంబంధం ఉన్నవాళ్ళు రావాలి, ఆఫీసు నుంచి ఎవరో ఒకరు తోడు రావాలి అన్నారు ఓసరివాళ్ళు. జానమ్మకు మొగుడున్నాడు, మారయ్య. అతన్ని కలవకుండా ఎట్లా? గోపీకృష్ణ నర్సింగమ్మతో కలిసి ఎర్రగుంటపల్లి పోయాడు. మారయ్య ఇంటి ముందు మేకలకు తుమ్మకాయలు వేస్తున్నాడు. గడపలో సైదమ్మ అనే ఆవిడ బియ్యం చెరుగుతోంది. ఆమె ఎవరో నర్సింగమ్మ దారిలోనే చెప్పింది. జానమ్మ పోయిన తర్వాత కట్టుకున్న మనిషి.

మారయ్య ఫోటో చేతికి తీసుకుని, ఒకసారి చూసి, వెంటనే తిరిగిచ్చేశాడు.

"ఆమె కాదు."

"బావా, సక్కగ సూడు" అంది నర్సింగమ్మ.

"కాదన్న గదా. సారూ, నువ్వు సదువుకున్నోనివి, నువ్వు జెప్పు. దౌండ్‌ల రైలు ఆగితే నీళ్ళు పట్టుకొస్తనని సీసా తీసుకుని దిగింది. నల్లా కాడికి పోతుంటే నేను సూస్తనే ఉన్న. రైలు కదిలింది. నేను అరిచిన. ఎక్కలే. ముందటి టేషన్ల దిగి ఎన్కకు పోయిన. లేదు. నెల రోజులు, సారూ, గాడనే పండుకున్న. బిచ్చగాళ్ళ నడుమ పన్న. పోలీసోళ్ళు కొట్టిండ్రు. ఇగ రాదని అందరు జెప్తేనే వచ్చిన. దినాలు జేసిన. ఊరందరికి బువ్వ పెట్టిన. ఇప్పుడు ఉన్నదంటే..." సైదమ్మ వైపు చూడకుండా చేత్తో చూపించాడు. "నేనేడికి పోవాలె?"

సైదమ్మ చాటను పక్కన పెట్టి లోపలికి పోయింది. మేకలు తుమ్మకాయల కోసం పొడుచుకుంటుంటే మారయ్య వాటిని అదిలించాడు. గోపీకృష్ణకు అతని మీద కోపం రాలేదు. ఎవరి మీదా రాలేదు. నీడలో ఎక్కడైనా పడుకుంటే చాలనిపించింది.

లేచి వస్తుంటే సైదమ్మ వెనకాల వచ్చి నర్సింగమ్మ చేతిలో ఒక సంచి పెట్టింది. లోపల పాత గళ్ళ చీర, మడతలు పడి. "ఆమెదే అక్కా. ఆయన పారెయ్యనియ్యలే. నేను కట్టుకోలే" అని చెప్పి, ఇంకేం అనకుండా తిరిగి పోయింది.

పెద్దసారు కాగితం రాసిచ్చాడు. "నువ్వే పో గోపీ. నీకైతే అంతా ఎరుక" అన్నాడు. తనకెంత ఎరుకో గోపీకృష్ణకు తెలుసు గాని, వాదించే ఓపిక లేక సరే అన్నాడు. అతనూ నర్సింగమ్మా మక్తల్‌కు దగ్గర్లోని కృష్ణా స్టేషన్‌లో పొద్దుటి రైలెక్కారు. పూనాకు, బొంబాయికి పనికి పోయే పాలమూరు జనం తట్టలతో, పారలతో, పిల్లలతో బోగీ నిండా ఉన్నారు. నర్సింగమ్మ దారి పొడవునా ఎవరినీ రైలు దిగనివ్వలేదు. ఎవరైనా సీసా పట్టుకుని లేస్తే చాలు, "దిగకుండ్రి, దిగకుండ్రి, కొనుక్కోండ్రి" అని అరిచింది. జనం నవ్వారు. గోపీకృష్ణ కిటికీకి తలానించి కళ్ళు మూసుకున్నాడు గాని నిద్రపోలేదు.

దౌండ్‌లో దిగి బస్సు పట్టుకుని, బస్సు దిగి ఆటోలో చెరుకు తోటల మధ్యకు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఫోటోలో చూసిన అరుగే. ఫోన్‌లో మాట్లాడిన ఆవిడ ఎదురొచ్చి చేతులు పట్టుకుంది. లోపలి గదిలో, ఇనుప మంచం మీద జానమ్మ కూర్చుని ఉంది. పాదం మీద పాదం వేసుకుని, బొటనవేలు దాచుకుని.

నర్సింగమ్మ గుమ్మంలోనే కూలబడింది. ఇన్నాళ్ళూ ఏడవని మనిషి గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో కొందరు ఆమెను చూసి తామూ ఏడ్చారు. ఒకామె చప్పట్లు కొట్టింది. జానమ్మ మాత్రం ఎవరో అన్నట్టు చూసింది. లేవలేదు.

"అక్కా, నేనే. నర్సిని."



నర్సింగమ్మ దగ్గరకు జరిగి, ఆమె పాదాలు ఒళ్ళో పెట్టుకుంది. సంచిలోంచి గళ్ళ చీర తీసి మోకాళ్ళ మీద కప్పింది. జానమ్మ వేళ్ళు ఆ చీర అంచు మీద నడిచాయి, ఒక చివర నుంచి ఇంకో చివరకు, మళ్ళీ వెనక్కి. చాలాసేపటికి నోరు తెరిచింది. ఒక్క మాటకు తప్ప ఏళ్ళ తరబడి వాడని గొంతు, గరగరలాడింది.

"నల్లా కాడ మస్తు మంది ఉండిరి నర్సీ" అంది. "అందుకే ఆల్చెమైంది. ఆయన తిడ్తడేమో."

గోపీకృష్ణ బయటికి వచ్చేశాడు. అరుగు చివర కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాడు. కడిగినకొద్దీ కళ్ళు మండుతూనే ఉన్నాయి.

తిరుగు ప్రయాణం అంత తేలిగ్గా జరగలేదు. రైలు చూసి జానమ్మ భయపడింది, ప్లాట్‌ఫాం మీద కూర్చుని ఎక్కనని మొండికేసింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. ఎక్కాక చెల్లెలి కొంగు తన మణికట్టుకు కట్టుకుని, ఊరు వచ్చేదాకా విప్పలేదు.

ఆమె నర్సింగమ్మ ఇంట్లోనే ఉంది. మొదటి రోజుల్లో ఊరంతా చూడడానికి వచ్చింది. దినాలు చేసిన మనిషి తిరిగొస్తే శాంతి చేయించాలని కొందరన్నారు. నర్సింగమ్మ వాళ్ళను గడప ఎక్కనివ్వలేదు. మారయ్య వారం దాకా రాలేదు. ఒక పొద్దున వచ్చి ఇంటి ముందు నిలబడ్డాడు. జానమ్మ అతన్ని చూసి తల మీద కొంగు సర్దుకుంది, చిన్నగా పెరిగిన జుట్టు మీద. "రైలు దొరికిందా నీకు?" అని అడిగింది. దొరికిందన్నాడు మారయ్య. ఇద్దరూ దూరం దూరంగా కూర్చున్నారు. పొద్దెక్కాక అతను లేచి పోయాడు. ఆ తర్వాత అప్పుడప్పుడూ వస్తున్నాడు. సైదమ్మ రొట్టెలు చేసి పంపుతుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో ఊళ్ళో మొదట గట్టిగా మాట్లాడుకున్నారు, తర్వాత మెల్లగా మాట్లాడుకున్నారు, వానలు పడి విత్తనాల పనుల్లో పడ్డాక మానేశారు. జానమ్మ మాట కొన్నిరోజులు బాగుంటుంది, కొన్నిరోజులు ఉండదు. పాలమూరు పెద్ద దవాఖానకు తీసుకుపోయి మందులు తెస్తున్నారు. మందు వేసుకోనని చెల్లెలిని కొట్టిన రోజులు కూడా ఉన్నాయి. "దొరికినంక ఇంకో తిప్పలు సారూ" అంది నర్సింగమ్మ ఒకసారి. అన్నా, ఆ మాటలో బాధ కన్నా అలవాటే ఎక్కువగా వినిపించింది.

గోపీకృష్ణకు ఆఫీసులో ఆ సంగతి నాలుగు రోజులు గొప్పగా నడిచింది. ఒక పత్రిక విలేకరి వచ్చి ఫోటో తీసుకుపోయాడు. వార్తలో పేరు గోపాలకృష్ణ అని పడింది. తర్వాత కొత్త సర్వే వచ్చింది. నర్సింగమ్మ పింఛను సంగతి మళ్ళీ మొదటికే వచ్చింది, వేళ్ళ మీద గీతలు మొలవవు కదా. దానికి తోడు ఇప్పుడు జానమ్మ పేరు. ఎప్పుడో రేషన్ కార్డులోంచి తీసేసిన పేరును మళ్ళీ ఎక్కించబోతే, అటువంటి మనిషి లేదని కంప్యూటర్ చెబుతోంది. గోపీకృష్ణ ప్రతి వారం మళ్ళీ ఎక్కిస్తున్నాడు. ప్రతి వారం అది మళ్ళీ లేదంటోంది. ఇంకా కుదరలేదు. అద్దాలు మాత్రం తెచ్చుకున్నాడు.

చలికాలం మొదట్లో ఒక సంత రోజు, మక్తల్‌లో బస్సు దిగి నడుస్తుంటే జానమ్మ కనబడింది. గోనెసంచి పరుచుకుని, ముందు పుంటికూర కట్టలు పేర్చుకుని కూర్చుంది. నర్సింగమ్మ పక్కన ఇంకెవరితోనో బేరమాడుతోంది, వెనక్కి తిరిగి ఉంది. జానమ్మ జుట్టు చెవుల దాకా పెరిగింది. గోపీకృష్ణ ఆగి చూశాడు. పలకరిద్దామనుకున్నాడు. ఏమని పలకరించాలో తెలియలేదు.

ఆమె తలెత్తింది. ఎవరో పట్నపాయన అనుకున్నట్టుంది.

"కూర గావాల్నా బిడ్డా? లేకుంటే జర పక్కకు జరుగు. ఎన్క మంది ఉన్నరు."

ఒక కట్ట తీసుకుని, పక్కకు జరిగి, ఇంటి వైపు నడిచాడు.